ఎడమ చెవి సంగతి

కరుణశ్రీ ఎడమ చెవి బూరెలా పొంగింది. కమ్మ కూడా పట్టడం లేదు.

అదంతా లెక్కల సారు పెంచలప్రసాద్ చలవ. ఎక్కం తప్పితే చాలు, ఆయన ఎడమ చెవే పట్టుకుంటారు. జవాబు సరిగ్గా వచ్చేదాకా రేడియో బటన్ తిప్పినట్టు తిప్పుతారు. ఉదయగిరి బడిలో ఆరో తరగతి మొత్తానికీ ఆ వేళ్ళంటే హడల్. పైగా మధ్యాహ్నం ఆయన క్యారియరు కడిగే పని కరుణశ్రీదే. గిన్నెల మీద చెక్కిన అక్షరాల్లో ఇరుక్కున్న పప్పును పుల్లతో గీకి మరీ కడగాలి. మరక మిగిలితే చెవి మళ్ళీ సారు చేతిలోకి వెళుతుంది.

“మిమ్మల్ని ఎవరైనా బాధపెడితే నమ్మకమైన పెద్దవాళ్ళకు చెప్పండి. వాళ్ళు మిమ్మల్ని నమ్ముతారు. తప్పు మీదే అనరు. ఆపే దారి చూస్తారు” అని తెలుగు టీచరు సుధారాణి ఒకరోజు పాఠంలా చెప్పింది. చెప్పిన మర్నాడే కాన్పుకు సెలవు పెట్టి వెళ్ళిపోయింది.

కరుణశ్రీ ముందు నాన్నకు చెప్పింది.

“మెలేస్తేనే పాపా లెక్కలొచ్చేది. నా చెవులు ఎంతమంది మెలేసినారో!” అన్నాడు దయాసాగర్.

“ఎంతమంది నాన్నా?”

ఆయన వేళ్ళు మడిచి చూసుకున్నాడు. లెక్క తేలక పొలానికి వెళ్ళిపోయాడు.

హెడ్మాస్టరుకు చెప్పింది. “నువ్వేం తప్పు చేసినావో ముందు అది చెప్పు” అన్నాడు.

కరుణశ్రీకి ఏడుపు ఆగలేదు. బడంటే ప్రాణం ఆ పిల్లకు. కానీ సోమవారం మళ్ళీ ఎక్కాలే. ఎవరూ ఆపకపోతే ఇక బడి మానేయడమే అనుకుంది.

రెండో శనివారం అమ్మతో ఆత్మకూరు వెళ్ళింది. అమ్మ బట్టల కొట్లో బేరానికి దిగింది. కరుణశ్రీ ఎదురుగా ఉన్న రాఘవమ్మ దోసెల అంగట్లో కూర్చుంది. దోసె తిననేలేదు. ప్లేటు అంచు మీద చెక్కిన, తనకు బాగా తెలిసిన అక్షరాలను వేలితో తడుముతూ ఉండిపోయింది. తర్వాత లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

“అవ్వా, నీకొక మాట చెప్పాల.”

రాఘవమ్మ నోటికి బస్సు డిపో కండక్టర్లే జడుస్తారు. ఆ మనిషి, పిల్ల చెబుతున్నంతసేపూ అట్లకాడ పక్కన పెట్టి వింది. పెనం మీద దోసె మాడింది.

“ఆ సారు పేరేంది?”

చెప్పింది. రెండో దోసె కూడా మాడింది.

“నమ్మినా తల్లీ. తప్పు నీది గాదు.”

“ఎవురికీ చెప్పొద్దవ్వా.”

“అట్టా మాటియ్యను. మనం నోరు మూసుకుంటే అది ఆగదు గదా. నీ పేరెత్తకుండా, వాడి చెయ్యి చెవి మీద ఉండంగా నేనే పట్టుకుంటా.”

గిరాకీ గోల పెడుతున్నా రాఘవమ్మ పొయ్యి ఆపేసింది. చెవికి వెన్న రాసింది. టీచరు చెప్పినవన్నీ ఒక్క మనిషి దగ్గరే దొరికినందుకు కరుణశ్రీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

సోమవారం లెక్కల పీరియడు.

“కరుణశ్రీ, లే. ఏడెనిమిదులెంత?”

“యాభై నాలుగు” అంది. సారు వేళ్ళు వచ్చి చెవిని అందుకున్నాయి.

“ఒరేయ్!”

గుమ్మంలో రాఘవమ్మ. చేతిలో అట్లకాడ.

సారును ఒరేయ్ అన్న మనిషిని తరగతి పిల్లలు ఎన్నడూ చూడలేదు. రాఘవమ్మ నేరుగా వచ్చి సారు ఎడమ చెవి దొరకబుచ్చుకుని, ఒక తిప్పు తిప్పింది.

“నువ్వు చెప్పరా. ఏడెనిమిదులెంత?”

“యాభై... యాభై...” సారుకు ఎంతకీ గుర్తు రాలేదు.

ఇంకో తిప్పు తిప్పింది.

“పిల్లకాయలు చూస్తా ఉండారు, ఇంటికి పోయినాక తిప్పుదువుగానీ వదులమ్మా!” అన్నారు పెంచలప్రసాద్ సారు, కన్నతల్లి చేతిలోంచి చెవి లాక్కోలేక.