చప్పటి కాఫీ

“మూతి ముడుచుకోకుండా తాగండి” అంటూ భార్య చక్కెర వెయ్యని కాఫీ అతని ముందు పెట్టి, తన గ్లాసులో మాత్రం ధారాళంగా వేసుకుంది. బస్సు డ్రైవరు తన కాఫీ వదిలేసి ఆ గ్లాసు వంకే చూశాడు.

“నువ్వు కూడా కాస్త తగ్గించరాదూ?”

“నాకేం రోగం? నాది శుభ్రంగా ఉందన్నారుగా.”

నిజమే, అన్నారు. డిపోలో ఏటా ఉద్యోగులకీ ఇంట్లోవాళ్లకీ చేసే ఆరోగ్య పరీక్షల్లో ఆవిడకి ఏ లోపమూ లేదని తేలింది. అతని మూత్రంలో మాత్రం చక్కెర కనబడిందట. రక్తం కూడా చూసి ఖాయం చేసేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. కిందటేడు ఇలాగే బండి దిగిన పెద్దాయన ఒకరు ఇప్పటికీ టికెట్ల కిటికీ వెనక కూర్చుని, బయటికెళ్లే ప్రతి బస్సునీ మెడ సాచి చూస్తుంటాడు. ఆయన్ని తలుచుకునే డ్రైవరుకి పరీక్షల ముందు వారమంతా కంటి మీద కునుకు లేదు.

రానని మొరాయించిన మనిషిని ఆ రోజు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది ఆవిడే. తీరా అక్కడికెళ్లాక సిగ్గుతో చితికిపోయింది. మొగుడి తోటివాళ్లంతా నిలబడి కబుర్లాడుకుంటున్న ఆవరణలోంచి మూత్రం సీసా పట్టుకుని ఎలా నడవడం? చేతిరుమాల్లో చుట్టి అతని చేతిలో పెట్టేసింది. తనదీ ఆవిడదీ అతనే మోసుకెళ్లి ఇచ్చొచ్చాడు. ఎంత మంచి మనసండీ మీది అని ఇల్లు చేరేదాకా మెచ్చుకుంటూనే ఉంది. ఆ మెచ్చుకోలు గుర్తొస్తే ఇప్పటికీ అతనికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

రక్తపరీక్షకి పదమంటే రోజుకో సాకు చెబుతున్నాడు. ఆవిడ వదిలితేనా!

“ఏటా చూపించుకోబట్టే కదా మీది మొదట్లోనే దొరికింది. దొరికాక దాక్కుంటే ఎలా?”

దెప్పుతూనే కుట్టుమిషను ముందు కూర్చుంది. దారం సూదిలోకి ఎక్కలేదు. దీపం మసకగా ఉందని విసుక్కుని, చెంబెడు నీళ్లు గటగటా తాగి, మళ్లీ నింపుకొచ్చింది. నడుస్తుంటే పాదం మీద పుండు కనబడింది. ఎప్పుడో కొత్త చెప్పు కరిచిన చోటు, ఇంకా పచ్చిగానే ఉంది.

డ్రైవరు లేచి చొక్కా తొడుక్కున్నాడు.

“పద, వెళ్దాం. నువ్వూ రావాలి.”

ఇన్నాళ్లకి దేవుడు బుద్ధి ఇచ్చాడని ఆవిడ సంబరపడుతూ మిషను మీద గుడ్డ కప్పింది. అతను భయపడుతున్నాడనుకుని దారి పొడుగునా ఏవేవో కబుర్లు చెప్పింది.

ఆస్పత్రిలో నర్సు రబ్బరు గొట్టం తీసి అతన్ని చెయ్యి చాపమంది. భార్య అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కింది.

“చీమ కుట్టినట్టుంటుంది, అంతే. బస్సెడు జనాన్ని నడిపించే మనిషి, సూదికి జడుస్తారా?”

అతను భుజం మీది ఆ చేతినే పట్టుకుని, మెల్లగా తెచ్చి నర్సు ముందు బల్ల మీద ఉంచాడు.

“అయ్యో, నాకెందుకండీ?” అని నవ్వింది ఆవిడ.

ఆ నవ్వుకేసి చూసే ముఖం అతనికి లేదు. బల్ల వంక చూస్తూ చెప్పాడు.

“ఆ రోజు మన సీసాలు మార్చి ఇచ్చాను.”