అత్తగారి చేతి గడియారం

ఎవరి ఉద్యోగం ఏ దేశానిదైతే వాళ్లకి ఆ దేశపు టైమే నడిచే రోజులవి. ఆ ఇంట్లో పెద్దకోడలు హైమవతిది మెక్సికో టైము, చిన్నకోడలు లాస్యది టోక్యో టైము. అత్తగారికి ఏ ఉద్యోగమూ లేదు.

బయట పొద్దుగూకుతోంది. అప్పుడే నిద్ర లేచొచ్చిన హైమవతి ముందు పొగలు కక్కే ఇడ్లీలు పెట్టారు అత్తగారు. ఆవిడ చేతి గడియారంలో లాస్య టైము కనబడేసరికి హైమవతికి ఒళ్లు మండిపోయింది.

"దాని టైమే మీకు ముద్దొచ్చింది కదూ అత్తయ్యా," అంది, ప్లేటు ముట్టకుండా.

"దాని టైము చూస్తే గానీ తెలీదే నాకు. నీకు ఏనాడన్నా గడియారం చూసి ఇడ్లీ వేశానా?" అన్నారావిడ.

హైమవతి ఇడ్లీ తుంచింది.

"లాస్య లేచాక, దాని ముందు ఈ మాట ఇంకోసారి అనండి."