ఎర్ర కుళాయి

మే నెల మిట్టమధ్యాహ్నం లూదియా, ఆమె భర్త ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఇల్లు చూడడానికి వచ్చారు. మొదటిసారి కొంటున్నారు. మిద్దె మీద నల్ల ట్యాంకు పెద్దదేనని భర్త సంతోషించాడు. లూదియా నేరుగా బాత్‌రూముకు వెళ్లింది.

“డిసెంబర్లో నాకు కాన్పు. బాలింతకు వేన్నీళ్లు ఉండాల. గీజరు పని చేస్తాదా అన్నా?”

ఇల్లు అమ్మే మద్దిలేటి స్విచ్చి వేశాడు. ఎర్ర లైటు వెలిగింది.

“ఎర్ర కుళాయి తిప్పి చూసుకోమ్మా.”

తిప్పింది. వెంటనే చెయ్యి చురుక్కుమంది. ఆ పూటే బేరం కుదిరింది.

డిసెంబర్లో పసిబిడ్డను ఒళ్లో పెట్టుకొని ఫోన్ చేసింది.

“ఏందన్నా ఇది? ఎర్ర కుళాయిలో మంచునీళ్లు వస్తాండాయి!”

“ఆ పొద్దు నీలం కుళాయి తిప్పినావా?”

“లేదు.”

“తిప్పింటే తెలిసేదమ్మా. అదీ కాలుతాండె.”