తాబేలు అడిగిన మాట

కార్చిచ్చు వచ్చిపోయిన ఒక అడవిలో చుక్క అనే దుప్పి ఉండేది. ఆ మంటలు చూసినప్పటినుంచి ఎండుటాకు గలగలమన్నా దాని గుండె దడదడలాడేది. ఆ అడవిలో ఒక అలవాటు ఉంది. మనసు బాగోలేని జంతువు మడుగు నీళ్లకు మూతి ఆనించి తన బాధ చెప్పుకుంటే, అడుగున ఉన్న ముసలి తాబేలు వినేది. అలా చెప్పుకుని చెప్పుకుని చుక్క కాస్త తేరుకుంది.

ఒకనాడు తాబేలు పైకి తేలి అడిగింది.

"తల్లీ, నీ భయం సంగతి పక్క మడుగుల తాబేళ్లకు చెప్పనా? అక్కడా నీలాంటివాళ్లు వస్తున్నారట, ఏం చేయాలో ఆ తాబేళ్లకు తోచడం లేదు. నీ పేరు ఎత్తను. వద్దంటే నాతోనే ఉంటుంది."

గట్టుమీద ఉన్న ఒక నక్క ఈ మాట వింది. "ఒప్పుకోకే. అడవిలో మాట ఆగదు. రేపు నిన్ను పిచ్చి దుప్పి అంటారు" అంది.

చుక్కకు అమ్మ గుర్తొచ్చింది. ఇప్పపూలు రాలే వేళ తన చెవులు నాకి నిద్రపుచ్చిన అమ్మ. ఇప్పటికీ ఆ పూల వాసన తగిలితే చుక్క చెవులు వాటంతటవే వాలిపోతాయి. ఆ అమ్మే, చుక్క చిన్నప్పుడు వచ్చిన వెనకటి కార్చిచ్చు తర్వాత, దాహమేసినా వాగుకు వెళ్లకుండా ఇప్పచెట్టు కిందే నిలబడిపోయేది. గాలి సోకిందని మందంతా చెవులు కొరుక్కుంది.

"ఎవరికైనా నయమైతే వచ్చి నాకు చెప్పాలి తాతా" అంది చుక్క చివరికి. "మా అమ్మ గురించి అడవంతా చెప్పుకుంది. అమ్మనే ఎవ్వరూ అడగలేదు. నువ్వు నన్ను అడిగావు. వెళ్లి చెప్పు."