వంద దాకా లెక్క

"కరెంటు పోయిందా, సినిమాయే ఇంతా?" వెనక వరుసలో ఎవరో గొణిగారు.

దర్శకుడు విననట్టే కూర్చున్నాడు. ఆదివారం మధ్యాహ్నం, గ్రంథాలయం మేడ మీద హాలు, కిటికీలకు అడ్డంగా దుప్పట్లు, ఇరవై మంది ప్రేక్షకులు. వాళ్లలో పంతొమ్మిది మంది ఏమనుకున్నా అతనికి పట్టింపు లేదు. చూపంతా ముందు కుర్చీలో కూర్చున్న తండ్రి మీదే ఉంది. ఆయన దర్జీ. మెడలో టేపు కూడా తీయకుండా, కొట్టు మూసి నేరుగా వచ్చేశాడు.

తొమ్మిది నిమిషాల సినిమా అది. పెళ్లి వీడియోలు తీసే కెమెరాతో, స్నేహితుడి స్టోర్ రూములో, ఒకే ఒక్క బల్బు పెట్టి తీశాడు. ఆ బల్బు కూడా తలుపు అవతలే ఉంది. తెర మీద కనిపించేదల్లా తలుపు కింద సన్నటి వెలుతురు, అందులో ఒక జత చెప్పులు. ఇవతల చీకట్లో ఓ పిల్లాడి గొంతు అంకెలు లెక్కపెడుతూ ఉంటుంది. వంద దాకా లెక్కపెడితే తలుపు తీస్తానన్నాడు బయట నిలబడ్డ తండ్రి.

కథ కోసం దర్శకుడు ఎక్కడా వెతుక్కోలేదు. ఏడేళ్లప్పుడు ఎక్కం తప్పినప్పుడల్లా చీకట్లో అతను లెక్కపెట్టిన వందలే అవి. "మనసులో పెట్టుకుని కుమిలిపోకు, నాన్నని ఒక్కసారి అడిగెయ్యరా" అనేది తల్లి, ఉన్నన్నాళ్లూ. అడగలేకపోయాడు. ఎదురుగా నిలబడితే ఇప్పటికీ నాలుక పిడచకట్టుకుపోతుంది. అందుకే సినిమా తీశాడు. ఆయన నోటి వెంట "తప్పయిందిరా" అన్న ఒక్క మాట వస్తే చాలు, ఏ బహుమతీ అక్కర్లేదు.

పక్కనున్న అక్క మోచేత్తో పొడిచింది. "అచ్చం మనిల్లేగా! నీకేమైనా మతి పోయిందట్రా? నాన్న గుర్తుపడితే?"

"పట్టాలనే."

తెర మీద గొంతు తొంభై దాటింది. తండ్రి టేపును వేళ్లకు చుట్టుకుంటున్నాడు. పెదవులు అంకెలతో పాటే కదులుతున్నాయి. తొంభై తొమ్మిది. వంద. తలుపు తెరుచుకోలేదు.

"మళ్లీ మొదట్నుంచి" అన్నాడు దర్జీ, తనలో తను అనుకున్నట్టు.

ఆ తర్వాతే తెర మీది తండ్రి అదే మాట అన్నాడు.

"అక్కా, విన్నావా?"

"విన్నాన్రా. నాన్న ఏడుస్తున్నారు."

లైట్లు వెలిగాయి. ఓ విమర్శకుడు లేచి, ఆ చీకటి మనిషి అంతరంగానికి ప్రతీక అన్నాడు. వెలుగును ఇంత పొదుపుగా వాడిన సినిమా ఈమధ్య చూడలేదని తెగ మెచ్చుకున్నాడు. రెండో బల్బు దొరికుంటే అదీ పెట్టేవాడినని దర్శకుడు చెప్పలేదు. అతనికి ఆ మాటలు సగం కూడా ఎక్కలేదు.

తండ్రి జనాన్ని తప్పించుకుని వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాగా తీశావురా. ఉన్నది ఉన్నట్టు తీశావు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మీ అమ్మకి కూడా."

కొడుకు కళ్లు చెమర్చాయి. ఇరవై రెండేళ్లుగా ఎదురుచూసిన మాట ఆయన నాలుక చివరే ఉందనిపించింది.

"ఇప్పుడు చెప్పండి నాన్నా. నేనేమీ అనుకోను."

దర్జీ కళ్లు తుడుచుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"మా నాన్న సంగతి నీకెవరు చెప్పార్రా?"