నీళ్లడగని మొక్కలు

ఎండిపోయిన గులాబీ మొక్కను వేళ్లతో సహా పీకి తెచ్చి, అన్నం తింటున్న మొగుడి కంచం పక్కన పడేసింది టైలరమ్మ.

"చూడు, ఇదే ఆఖరిది. ఊరంతటికీ నీళ్లు తోలే మనిషివి. ఇంటికి ఒక్క డ్రమ్ము తేలేకపోయావు!"

అతను నీళ్ల ట్యాంకరు డ్రైవరు. నోటిదాకా వచ్చిన ముద్ద ఆపి, మొక్కను ఎడమచేత్తో అవతలికి జరిపాడు.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఎక్కడ నింపానో, ఎక్కడ దింపానో అన్నిటికీ లెక్కుంటుంది. కాస్త తేడా వచ్చినా ఉద్యోగం ఊడుతుంది. నన్ను దొంగతనం చెయ్యమంటావా?"

బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్లందరితో "మా ఆయన పరాయివాళ్లది గడ్డిపోచ కూడా ముట్టడు" అని చెప్పుకుని మురిసిపోయేది ఆమే మరి.

అయినా ఊరుకోలేకపోయింది. "పొద్దస్తమానం మిషను మీద వంగి కుట్టేదాన్ని. తలెత్తితే కళ్లకి కాస్త పచ్చగా ఏదో ఒకటి కనపడొద్దూ?"

"ముళ్లమొక్కలు వేసుకో" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "ఇసకా రాళ్లూ పోసి ఎడారి తోటలు పెంచుతున్నారు ఇప్పుడు. చాకిరీ ఉండదు. నీళ్లడగవు, నోరెత్తవు. ఇసక నేను తెచ్చిపెడతాలే."

అన్నట్టే రెండు బస్తాల ఇసక తెచ్చి గుమ్మం ముందు దించాడు. ఆ మాత్రానికే ఆమె కోపం సగం కరిగిపోయింది. పాత మట్టి తవ్వి, అందులో ఇసకా ఇటుక ముక్కలూ కలిపి, ఎప్పుడైనా వాన పడితే నీరు నిలవకుండా వాలుగా సర్దింది. పాత జీన్సు ప్యాంటు కత్తిరించి చేతులకి తొడుగులు కుట్టుకుంది. ఇక మొక్కలే కావాలి.

"ఆ రకాలు మా దగ్గర లేవమ్మా" అన్నాడు నర్సరీ ఆయన. "కొత్త కాలనీ చివరింట్లో ఒకావిడ తన ముళ్లమొక్కలన్నీ పీకేస్తోంది. ఎవరైనా పట్టుకుపోతే అదే పదివేలంటోంది. వెళ్లి చూడండి."

మర్నాడు మధ్యాహ్నం గోనెసంచీ పట్టుకుని ఊరి ఆ చివరకు వెళ్లింది. గేటు తీస్తూనే కాళ్లు ఆగిపోయాయి. బుట్టలంత చామంతి గుబుర్లు. గోడను కప్పేసిన తీగలు. గుత్తులుగా టమాటాలు. అడుగడుగునా తడి మట్టి వాసన. ఆ పచ్చదనంలో ఒక మూల మాత్రం నాగజెముడు, కలబంద, బంతుల్లాంటి ముళ్లగుండ్లు బితుకుబితుకుమంటూ ఉన్నాయి.

"రండక్కా, మొక్కలకేనా?" ఇంటావిడ గునపం పట్టుకుని ఎదురొచ్చింది. టైలరమ్మకన్నా చిన్నది. నవ్వు మొహం.

"ఇంత బాగా ఎదిగినవాటిని పీకేస్తున్నారేంటమ్మా?"

"ఈ ఇంటికొచ్చిన కొత్తలో నీళ్లకి నానా అవస్థ పడేదాన్ని. గతిలేక ఇవి వేసుకున్నా. ఇప్పుడు నీళ్లకేం, కావలసినన్ని. ఇంకా ఈ ముళ్లెందుకు, నిమ్మచెట్టు పెడదాం అంటున్నారు మా ఆయన."

"అదృష్టవంతురాలివి. మా ఆయన మొత్తుకున్నా చుక్క తేడు." అనేసి నాలుక కరుచుకుంది టైలరమ్మ. "మనిషి మంచోడేలే. నీతీ నిజాయితీ అంటాడు."

"మగాళ్లు ఎవరి పిచ్చి వాళ్లది. మా ఆయనైతే ఇంట్లో ఉన్న కాసేపూ పాదులు తవ్వుతూ కూచుంటారు. నీ పెళ్లాం నేనా, ఆ చామంతులా అని అడుగుతుంటాను."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. కలిసి మొక్కలు తవ్వారు. జీన్సు తొడుగులోంచి కూడా ఒక ముల్లు టైలరమ్మ వేల్లో దిగింది. చిన్నావిడ ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, సూదితో మెల్లగా తీసేసింది.

"నాటగానే నీళ్లు పోసేయకండక్కా, వేరు కుళ్లిపోతుంది. నాలుగు రోజులు మర్చిపోండి. అసలు వీటిని ఎంత పట్టించుకోకపోతే అంత బాగా బతుకుతాయి."

"అలాంటివే కావాలి నాకు" అంది టైలరమ్మ.

ఇంతలో బయట పెద్ద బండి ఏదో వచ్చి ఆగింది. చిన్నావిడ మొహం వెలిగిపోయింది. "వచ్చేశారు!" అంటూ పరుగున వెళ్లి గేటు బార్లా తీసింది. ఇంజను రొద ఆగలేదు. ఎవరో పైపు ఈడ్చుకొస్తున్నారు. మరుక్షణం చామంతి పాదుల్లోకి నీళ్లు ధారకట్టి దూకాయి.

పరాయి ఇంటి మగమనిషి ఎదుట మట్టి చేతులతో ఉన్నానే అని టైలరమ్మ సిగ్గుపడి, ఇంకాస్త వంగి సంచీ మూతి కట్టుకోసాగింది.

"ఏమండీ, ఇలా రండి!" ఆ రొదలోనే చిన్నావిడ గొంతు పెంచి పిలిచింది. "ఈ అక్క మన ముళ్లమొక్కలు తీసుకెళ్తున్నారు. పాపం, వాళ్లింట్లో చుక్క నీళ్లుండవట. వాళ్లాయన చేతగానితనం. మీ ట్యాంకరులోంచి ఓ డ్రమ్ము వాళ్లింటి దగ్గర దించి రాకూడదూ?"

చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. అడక్కుండానే ఇంత సాయం చేయబోతున్న మనిషికి దణ్ణం పెడదామని టైలరమ్మ సంచీ వదిలేసి, చేతులు జోడించి తలెత్తింది.

"మీ ఇల్లెక్కడమ్మా?" అని అడిగాడు టైలరమ్మ మొగుడు.