కదలని రేటు

"మన దెబ్బకి మూతపడిన ఆ చిన్న విమానాల కంపెనీలో టికెట్ రేట్లు పెట్టింది ఈవిడే. ఇకనుంచి మీ పక్కనే పనిచేస్తుంది," అని చెప్పి మేనేజరు వెళ్ళిపోయాడు.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "రోజూ పొద్దున్నే రేటు కోసి మా ప్రాణాలు తోడేసింది మీరేనా అన్నయ్యగారూ?"

"ఉద్యోగం కదమ్మా," అని నసిగాడతను. ఇన్నాళ్ళూ మొహాలు చూసుకోకుండానే ఇద్దరూ కత్తులు దూసుకున్నారు. అతను వంద తగ్గిస్తే, చేతిలో టీ చల్లారకముందే ఆవిడా తగ్గించేది.

"వానాకాలంలో నాలుగు రోజులు మీ రేటు కదల్లేదు. ఒంట్లో బాగాలేదా?" అని అడిగిందావిడ.

"మా అమ్మ పోయింది."

"అయ్యో! ఏదో కష్టమొచ్చిందనే అనుకున్నాను. ఇదే అదను, తగ్గించమని మావాళ్ళు పోరారు. పడ్డవాణ్ణి కొట్టకూడదని నేనే ఆపాను."

ఆ నాలుగు రోజులయ్యాక అతను తిరిగి పనిలోకి వచ్చిన రోజు, ఆవిడ రేటు కదలకపోవడం చూసి, "వాళ్ళ పని అయిపోయింది సార్, ఇప్పుడు సగానికి కొడితే మళ్ళీ లేవరు," అని మేనేజరుకి చెప్పింది తనే.

తెరమీద పోటీ రేట్ల పట్టికలో ఆవిడ పాత కంపెనీ గడి ఇంకా ఖాళీగా వెలుగుతోంది. ఆవిడ దాన్ని ఒకసారి వేలితో తడిమి, అతనివైపు తిరిగింది.

"ఇక పోటీ లేదుగా. ఎంత పెంచమంటారు అన్నయ్యగారూ?"